పలకరాయి పరిచిన హాలు

వీధిలోంచి చూస్తే ‘ఏముందీ ఇంట్లో’ అనిపిస్తుంది. చదునైన కప్పు, కిటికీల్లేని చెక్కగోడ, పక్కనే కారు షెడ్డు... అంతే! తలుపు తీసి అడుగుపెడితే మాత్రం నెత్తిన ఆకాశం కనిపిస్తుంది. అచ్చం మన మండువా లోగిలిలా ఇంటి నడుమ కప్పులేని వాకిలి. దాన్ని దాటితే హాలు. హాలు చివర నేల నుంచి కప్పుదాకా అద్దం, అద్దం అవతల తోట.

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, సన్నీవేల్, క్యుపర్టినోలలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఐక్లర్ ఇళ్లంటారు వాటిని. వెన్న, గుడ్ల టోకు వ్యాపారం చేసిన జోసెఫ్ ఐక్లర్ 1940లలో కొన్నాళ్లు ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఇంట్లో అద్దెకున్నాడు. ఆ వెలుతురు మనసులో ఉండిపోయింది. మధ్యతరగతికీ అలాంటి ఇళ్లు కట్టివ్వాలనుకుని 1949 నుంచి సుమారు 11,000 కట్టాడు. రంగునిబట్టి ఇల్లు అమ్మే రోజుల్లో ఎవరొచ్చినా అమ్మాడు. వివక్షను వ్యతిరేకిస్తూ 1958లో బిల్డర్ల జాతీయ సంఘం నుంచే బయటికొచ్చేశాడు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్లలో ఈ ఇళ్లుండటం, చూడబోతే, చక్కని కాకతాళీయమే.

కాళ్ల కింద వెచ్చదనం

ఈ ఇంటి ప్రాణమంతా నేలలోనే ఉంది. కాంక్రీటు పలకలో గొట్టాలు పరిచి వేణ్నీళ్లు పారిస్తారు. చలికాలంలో ఇల్లు కింది నుంచి వెచ్చబడుతుంది. మందపాటి తివాచీ పరిస్తే ఆ వేడి పైకి రాదు. రాయి అయితే వేడిని ఇట్టే పైకి పంపుతుంది, కొంతసేపు పట్టి ఉంచుతుంది. అందుకే, మొదట్లో కార్కు, వినైల్ పలకలు వేసిన చోట తర్వాత చాలామంది స్లేట్... అదే, పలకరాయి వేయించుకున్నారు. అదే రాయిని అద్దం అవతల వాకిట్లోనూ పరిస్తే లోపలేదో బయటేదో తెలియదు!

పలకరాయి అనగానే మనకు మార్కాపురం గుర్తొస్తుంది. ఒకప్పుడు అక్షరాలు దిద్దించిన ఆ ఊరి రాయి, నోటు పుస్తకాలొచ్చి పలకలకు గిరాకీ తగ్గాక, నేలమీద పరిచే టైల్స్‌గా విదేశాలకు వెళ్తోంది. తుప్పురంగు, పచ్చ, బూడిదరంగు కలగలిసిన రకానికీ గిరాకీ ఉంది. కానీ ఈ హాళ్లకు ఒకే బూడిదరంగు రాయి నప్పినట్టు అది నప్పదు. నేలే అంత గోల చేస్తే తోటనెవరు చూస్తారు?

నల్లటి నేలకు తోడు కావాల్సింది చెక్క. ఐక్లర్ గోడలకు వేయించిన మహాగనీ రంగు చెక్క పలకలు ఈ రాతి పక్కన నిగనిగలాడతాయి. హాలు వెలుగొస్తుందని వాటిమీద తెల్లరంగు కొట్టించినవాళ్లున్నారు. ఆ రంగును గీకించలేక అవస్థపడుతున్నది తర్వాత కొన్నవాళ్లు!

సోఫా ఎత్తు తక్కువగా, సన్నటి కాళ్లమీద నిలబడేది కావాలి. కింద నేల కనిపిస్తేనే గది పెద్దదనిపిస్తుంది. నేలకు ఆనుకుని కూర్చునే భారీ తోలు సోఫాసెట్టు, గోడ పొడవునా అద్దాల షోకేసు పెట్టేస్తే ఆ అందం సగం పోయినట్టే. చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1956లో తెచ్చిన వాలుకుర్చీలాంటిది ఒక్కటి చాలు. మధ్యలో ఆవపిండి రంగో, నారింజ రంగో ఉన్ని రగ్గు ఒకటి. దాని చుట్టూ రాయి కనిపించాలి, వేడికి దారీ ఉండాలి. పైన గుండ్రటి తెల్లటి గ్లోబు దీపం వెలిగిస్తే రాత్రివేళ అద్దంలో రెండో చంద్రుడిలా కనిపిస్తుంది.

కష్టాలు లేవని కాదు. గాజు గ్లాసు జారిందా, ఇక అంతే. గరుకు రాతిమీద కుర్చీ కాలు ఊగుతుంది. సీలర్ పూయకపోతే సాంబారు ఒలికిన చోట మరక ఉండిపోతుంది. అన్నిటికన్నా పెద్ద భయం గొట్టాలది. 60, 70 ఏళ్లనాటి గొట్టం ఎక్కడైనా కారితే అక్కడ నేల పగలగొట్టాల్సిందే. తీసిన రాయి మళ్లీ అతకదు, కొత్త రాయి ఛాయ కలవదు. ఆ సంగతి తెలిసినవాళ్లు నేల వేయించిన రోజే ఓ పెట్టెడు రాళ్లు అదనంగా కొని కారు షెడ్డులో దాచిపెట్టుకుంటారు.