రెండు చేతులు, రెండు కాళ్ళు!

పాట హిట్టయిందంటే పాడినదెవరని అడుగుతాం. బాణీ కట్టినవారెవరో, రాసినవారెవరో, తెర మీద పెదవి కదిపినవారెవరో మనకు కంఠతా! మరి మనకు తెలియకుండానే మన కాలి చేత నేల మీద తాళం వేయించిన ఆ డ్రమ్స్ ఎవరు వాయించారని ఎప్పుడైనా అడిగామా? ఊహూఁ!

ఇంట్లో కూర్చుని పాటలు రికార్డు చేసుకునే నాబోటి వాడికి మాత్రం ఆ పేరులేని కళాకారుడే రోజూ గుర్తుకొస్తాడు. మాది ఏలూరు. పవర్‌పేటలో మేడ మీద ఒక గది. ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక గిటారు, నాలుగు వేళ్ళతో కొట్టుకునే చిన్న ప్యాడ్... అదే నా ఏవీయమ్, అదే నా ప్రసాద్! రైలు కూత పెడితే టేకు కట్. ఇక డ్రమ్స్ సెట్టు పెడదామంటే కింద వాటా వాళ్ళు ఊరుకుంటారా? పోనీ ఊరుకున్నారనుకోండి, డ్రమ్ముకో మైకు చొప్పున అరడజను మైకులు ఎక్కణ్ణుంచి తేవాలి? కనుక యంత్రమే గతి.

యంత్రమంటే చిన్నచూపు వద్దు సుమండీ! 1980లో రోజర్ లిన్ అనే అమెరికన్ ఎల్ఎమ్-1 అనే పెట్టె తయారుచేశాడు. అసలు డ్రమ్ముల దెబ్బల్ని రికార్డు చేసి లోపల దాచుకున్న మొదటి డ్రమ్ మెషీన్ అదే. 1983లో మిడి వచ్చింది. వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అన్నమాట. 1989లో ఏ.ఆర్. రెహమాన్ మద్రాసులో తన ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నారు. 1992 నాటి ‘రోజా’ పాటలు అక్కడే రూపుదిద్దుకున్నాయి. ఇవాళ మీరు పెట్టె కూడా కొననక్కర్లేదు. హైడ్రోజన్ అనే డ్రమ్స్ సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది.

మరి ఇన్ని ఉన్నా, ఇంట్లో చేసిన పాట చాలాసార్లు కొయ్యగుర్రంలా ఎందుకు నడుస్తుంది? ఆ మాట అడుగుదామనే రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ ఒక పాత ఆర్కెస్ట్రా డ్రమ్మరు గారున్నారు. పెళ్ళి పందిళ్ళూ, శ్రీరామనవమి పందిళ్ళూ ఏలిన చెయ్యి. పేరు అచ్చులో వద్దన్నారు. రెడీమేడ్‌గా దొరికే ట్రాకు ఒకటి ఫోనులో వినిపించాను. చివరిదాకా విని నవ్వారు.

“బాబూ, ఇది వాయించినోడికి చేతులెన్నండీ?”

లెక్కపెట్టాం. హైహాట్ మీద ఒకటి, స్నేర్ మీద ఒకటి, అదే క్షణంలో క్రాష్ మీద ఇంకొకటి. మూడు చేతులు! మనిషి వాయిస్తే క్రాష్ కొట్టే చెయ్యి ఆ క్షణం హైహాట్‌ని వదిలేస్తుంది. చెవికి లెక్క తెలియకపోయినా అనుమానం మాత్రం వస్తుంది. అదండీ మొదటి పాఠం.

రెండోది, దెబ్బ బరువు. మిడిలో ఆ బరువుకి 1 నుంచి 127 దాకా అంకెలున్నాయి. అన్నీ ఒకే అంకె మీద పెడితే మేకులు కొట్టినట్టుంటుంది. హైహాట్ మీద ఒక దెబ్బ 100 అయితే పక్కది 70 ఉండాలి. స్నేర్ మీద రెండో మాత్రా, నాలుగో మాత్రా గట్టివి. వాటి మధ్య 30 దాటని గుసగుస దెబ్బలు ఒకటీ అరా పడాలి. ఒకే శబ్దాన్ని గబగబా వాడితే మెషీన్‌గన్ అవుతుంది కనుక ఒక్కో డ్రమ్ముకి నాలుగైదు రకాల దెబ్బలున్న కిట్ ఎంచుకోవాలి.

మూడోది, కాలం. నిమిషానికి 120 మాత్రల పాటలో మాత్రకి అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు. స్నేర్‌ని అందులో ఓ పది వెనక్కి జరపండి, పాట ఒళ్ళు విరుచుకుని కూర్చుంటుంది. ఓ పది ముందుకి జరపండి, పరుగెత్తుతుంది. అలాగని అన్నిటినీ ఇష్టమొచ్చినట్టు చెదరగొడితే తాగినవాడి నడకే! కిక్ డ్రమ్ముని గుంజలా నిలబెట్టి మిగతావాటిని దాని చుట్టూ కదపాలి.

“అర్థంకాకపోతే కొల్లేరు వెళ్ళి దోనె ఎక్కు” అన్నారాయన. వెళ్ళి చూశాను. గెడ వేసే మనిషి ఏ రెండు తోపులూ ఒకేలా వేయడు. అయినా దోనె నడక చెదరదు! ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళితే డప్పు దగ్గరా అదే పాఠం. మంట మీద కాచిన డప్పు కంగుమంటుంది, చల్లారేకొద్దీ గొంతు మారుస్తుంది. ప్రాణమున్న శబ్దం అలాగే ఉంటుంది మరి.

కానీ నన్ను తొలిచే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఉండబట్టలేక అడిగేశాను. “మాస్టారూ, యంత్రానికి ఈ కిటుకులన్నీ నేర్పితే మీబోటివాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లు వచ్చాక ముగ్గురు వాయించే చోట ఒక్కడే చాలన్నారట. పిలుపులు తగ్గి, ఆఖరికి సెట్టు అమ్మేశారట.

“పని ఎప్పుడో పోయింది బాబూ. చెయ్యి నడిచే తీరు కూడా ఎవడికీ తెలీకుండా పోతే, అప్పుడు కదా నిజంగా పోయినట్టు!”

తర్వాతి ఆదివారం ఆయన్ని మా మేడ మీదికి పిలిచాను. కచేరీకిచ్చే సొమ్మే ముందుగా చేతిలో పెట్టాను. మౌసుతో గళ్ళు నింపే పని మానేసి, ఆయన చేత ప్యాడ్ మీద వేళ్ళతో వాయించాను. పాట సాగుతుంటే ఆయన చెవి డ్రమ్స్ మీద లేదు, గొంతు మీద ఉంది! గాయకుడు పాడుతుంటే తగ్గేవారు, ఊపిరి తీసుకున్న చోట ఫిల్ వేసేవారు. నా సాఫ్ట్‌వేరులో దానికి మీట లేదండీ.

కుర్రకారుకి నా సలహా ఒక్కటే. పాటకు కూర్చునే ముందు మీ ఊళ్ళో ఇలాంటి పెద్దాయన ఎవరున్నారో వెతకండి. ఊరికే కాదు, డబ్బిచ్చి నేర్చుకోండి. గిలకో కంజీరో ఒక్కటైనా నిజంగా వాయించి కలపండి. డ్రమ్ములన్నిటికీ ఒకే గది ప్రతిధ్వని ఇవ్వండి. ఆఖర్న కళ్ళు మూసుకుని విని, చేతులు లెక్కపెట్టండి. రెండే తేలాయా? ఇక మిక్సింగ్‌కి వెళ్ళండి!