తెలియని రెండు ఒకటి కావు

మా మదరసా ద్వారా జకాత్ అందుకునే కుటుంబాల జాబితా ఇప్పుడు కాగితాలపై లేదు, కంప్యూటరులో ఉంది. మా వద్ద చదువుకొని సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్న ఒక యువకుడు దానిని పోస్ట్‌గ్రెస్‌లో అమర్చి ఇచ్చాడు. పేరు, భర్త లేక తండ్రి పేరు, ఫోను నంబరు - ఈ మూడూ ఒకేలా ఉన్న నమోదు రెండవసారి చేరరాదని ‘యూనిక్’ అనే నిబంధన కూడా విధించాడు. అయినప్పటికీ ఈ యేటి రమజాన్ పంపిణీకి ముందు జాబితా చదువుతుండగా కొందరు వితంతువుల పేర్లు రెండేసి మార్లు కనిపించాయి.

తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు 8 వర్గాలను నిర్ణయించింది. ఒక ఇంటికి రెండు వాటాలు వెళితే, ఎక్కడో ఒక అర్హురాలి పొయ్యి వెలగదు. కమిటీలో కొందరి చూపు వివరాలు నమోదు చేసే పేద గుమాస్తాపై పడింది. విచారించకుండా ఎవరినీ అనరాదని మేము వారించి, ఆ యువకుణ్ణి పిలిపించాము.

అతడు ఒక గంటలో విషయం తేల్చాడు. “హజ్రత్, రెండేసి మార్లు వచ్చిన వారెవరికీ ఫోను లేదు” అన్నాడు. ఫోను లేనిచోట గడి ఖాళీగా ఉంటుంది. దానిని ‘నల్’ అంటారు. నల్ అంటే సున్నా కాదు, తెలియదని అర్థం. తెలియనిదీ తెలియనిదీ సమానమా అని అడిగితే యంత్రం అవుననదు, కాదనదు. సమానమని తేలనిదే నిబంధన అడ్డుపడదు. గుమాస్తా నిర్దోషి అని ఆ పూటే అందరి ముందు ప్రకటింపజేశాము.

ఈ మాట మాకు కొత్తగా తోచలేదు. సనదులో “ఒక మనిషి” అని మాత్రమే ఉన్న ఇద్దరు ఉల్లేఖకులను ఒక్కరేనని ఏ ముహద్దిసూ తీర్మానించడు. హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ (రహ్మతుల్లాహి అలైహ్) ఒకే పేరు గల వేర్వేరు ఉల్లేఖకుల గురించి ‘అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్’ రచించారు. ఒకే వ్యక్తిని ఇద్దరుగా, ఇద్దరిని ఒకరిగా భ్రమించిన పొరపాట్లపై మరొక గ్రంథమే వ్రాశారు.

2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15లో ఖాళీలన్నింటినీ సమానంగా ఎంచే సదుపాయం ఉందట. “అది పెడితే ఒక్క వాక్యంతో పని ముగుస్తుంది” అన్నాడతడు. మేము అంగీకరించలేదు. కోస్తా పల్లెల్లో మస్తాన్‌బీలు, ఖాసింబీలు వీధికి ఇద్దరుంటారు. భర్తల పేర్లూ కలుస్తాయి. ఫోను లేని రెండవ ఖాసింబీని యంత్రం గుమ్మంలోనే త్రిప్పి పంపుతుంది. రెండుసార్లు ఇవ్వడం కన్న అది పెద్ద అన్యాయమని మా అభిప్రాయం.

కనుక జంట పేర్లన్నీ వెలికితీసి, మహల్లా పెద్దలను ఇంటింటికీ పంపాము. ఆ తరువాత నిబంధనను ఫోను మీద నుండి తీసి రేషన్ కార్డు నంబరుపై పెట్టించాము. కార్డు లేనివారి గడి ఖాళీగానే ఉంటుంది, ఉండనిచ్చాము. అటువంటి చోట పేర్లు కలిస్తే యంత్రం నిరాకరించదు. హెచ్చరించి ఆగుతుంది, ఒక మనిషి వెళ్లి చూసి వస్తాడు.

జంటలలో అధికభాగం నిజంగా ఒక్కరే. ఒక జంట మాత్రం ఇద్దరు స్త్రీలు, ఒకే సందులో ఎదురెదురు ఇళ్లవారు. వారిద్దరి పేర్లూ జాబితాలో ఉన్నాయి.