పురుగుల నీళ్లూ ఉప్పూ: ధూల్‌పేట్ డైరీ

2025 జూన్ 29

గోధుమపిండి జల్లిస్తుంటే ఎర్రటి పిండిపురుగులు బయటపడ్డాయి. డబ్బాకి ఎండాకాలమంతా మూత పెట్టే ఉంది. అందులో తాగడానికి చుక్క నీళ్లు లేవు, పిండిలో ఉండే కాస్త చెమ్మ తప్ప. అయినా లోపలే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టాయి. తిన్న పిండి ఒంట్లో అరిగేటప్పుడు పుట్టే నీరే వాటికి ముఖ్య ఆధారం. ఆ నీటిని బయటికి పోనివ్వకపోవడంలోనే వాటి నేర్పంతా ఉంది. మూత్రనాళాల కొసలు పేగు చివరి భాగాన్ని గట్టిగా హత్తుకుని ఉంటాయి. మలం బయటపడబోయే ముందే అందులోని తడిని వెనక్కి లాగేస్తాయి. జల్లెడలోంచి రాలిన రెట్టని వేళ్ల మధ్య నలిపి చూశాను. పొడిపొడిగా రాలిపోయింది.

జులై 6

మన మూత్రపిండాలు రక్తాన్ని ఒత్తిడితో వడకడతాయి. పురుగుకి ఆ వీలు లేదు. దాని రక్తం సన్నటి గొట్టాల్లో ఒత్తిడితో పారదు, ఒంట్లో అవయవాల చుట్టూ నిండి ఉంటుంది. కాబట్టి దాని పద్ధతే వేరు. పేగుకి అతుక్కుని, అవతలి కొస మూసుకుపోయిన సన్నటి నాళాలు రక్తంలో తేలుతుంటాయి. వాటి గోడల్లోని కణాలు పొటాషియం, సోడియం లవణాలను లోపలికి తోడతాయి. ఉప్పు పోయిన చోటికి నీళ్లు వాటంతటవే పోతాయి, నీళ్లతోపాటు మలినాలూ పోతాయి. తర్వాత పేగు చివర ఒంటికి పనికొచ్చే నీటినీ ఉప్పునీ మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. మిగిలేది యూరిక్ ఆమ్లం. అది నీళ్లలో దాదాపు కరగదు కనక దాన్ని వదిలించుకోవడానికి నీళ్లు పెద్దగా ఖర్చు కావు. బల్లి రెట్టలోని తెల్లటి ముక్క కూడా ఇదే.

ఇటలీ వైద్యుడు మార్చెల్లో మాల్పీగీ 1669లో పట్టుపురుగును కోసి రాసిన పుస్తకంలో ఈ నాళాలను వర్ణించాడు. అవి చేసే పనేమిటో తేలడానికి ఆ తర్వాత చాలా కాలం పట్టింది. పేరు మాత్రం ఆయనదే నిలిచింది. మాల్పీగీ నాళాలంటాం. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగులు పెంచేవాళ్లకు వీటి పని కంటితో చూసే అవకాశం ఉంది. గూడు చీల్చుకుని బయటికొచ్చిన చిలుక ముందుగా గోధుమరంగు ద్రవం వదులుతుంది. ప్యూపాగా ఉన్నన్నాళ్లూ ఒంట్లో దాచుకున్న మలినమంతా అదే.

ఆగస్టు 10

రాత్రి కరెంటు పోయింది. టార్చి వెలుగులో మోచేతి మీద దోమ కనిపించింది. కొట్టకుండా చూస్తూ కూర్చున్నాను. ఒళ్లు ఏటవాలుగా, తోక పైకెత్తి వాలింది, అంటే మలేరియాని మోసే అనాఫిలిస్. పొట్ట ఎర్రగా ఉబ్బుతోంది. ఇంకా తాగుతూనే ఉంది, తోక చివర ఓ చిన్న బొట్టు ఊరింది. లేత గులాబీ రంగు. అది జారి చర్మం మీద పడింది, వెంటనే ఇంకోటి.

దోమకి కావలసింది రక్తంలోని మాంసకృత్తులు, గుడ్ల కోసం. దాంతోపాటు వద్దన్నా వచ్చిపడేది నీళ్లూ ఉప్పూ. ఒక్కపూటలో తన బరువంత తాగిన ప్రాణి ఆ బరువుతో ఎగరడం కష్టం, శత్రువుకి దొరకడం తేలిక. అందుకే తాగుతూ తాగుతూనే వదిలించుకుంటుంది. డెంగీని మోసే ఈడిస్ దోమ కూడా ఈ పని చేస్తుంది. కుట్టిన గంట రెండు గంటల్లో, తాగిన ప్లాస్మాలోని నీళ్లు దాదాపు 40 శాతం బయటికి పంపేస్తుంది. మొదట పోయేది సోడియం. ఎందుకంటే మన ప్లాస్మాలో ఎక్కువగా ఉండే లవణం అదే. కడుపు నిండగానే ఓ హార్మోను రక్తంలోకి విడుదలై, ఉన్న ఐదే ఐదు నాళాలనూ పరుగు పెట్టిస్తుంది.

దక్షిణ అమెరికాలో రోడ్నియస్ అనే రక్తం తాగే నల్లి ఉంది. విగిల్స్‌వర్త్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1931లో ఈ నాళాల పని మీద తన పరిశోధన ప్రచురించింది దాని మీదే. అది రక్తం తాగాక దాని నాళంలోని ఒక్కో కణం సుమారు 15 సెకన్లకోసారి తన పరిమాణమంత ద్రవాన్ని తోడేస్తుందని తర్వాతివాళ్లు లెక్కగట్టారు. ఆ లెక్క చదివిన రోజు నుంచి నాకు పురుగు అల్పప్రాణి అనే మాట నోట రాదు.

ఆగస్టు 20

ప్రపంచ దోమల దినం. 1897లో ఇదే రోజున, ఇక్కడికి ఎంతో దూరం లేని బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమకి రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్, కుట్టిన దోమకి అణా చొప్పున తీసుకున్నాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఆయన పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది.

దోమ తోక చివరను సూదితో పట్టి లాగితే కడుపుతోపాటు ఐదు నాళాలూ సేమ్యా పోగుల్లా వెంట వస్తాయి. బడిలో పిల్లలకు చాలాసార్లు చూపించాను. మలేరియా క్రిమి వాటి జోలికి పోదు. కుక్కల గుండెలో పెరిగే పురుగు మాత్రం తన పిల్లదశను సరిగ్గా ఆ నాళాల్లోనే గడుపుతుంది.

ఆగస్టు 24

చవితికి ఇంక మూడు రోజులే వ్యవధి. జాలీ హనుమాన్ వైపు రోడ్డంతా గణపతులే, పైన టార్పాలిన్‌లు, టార్పాలిన్‌ల గుంటల్లో వాననీళ్లు. ఓ కార్ఖానా ముందు ప్లాస్టర్ కలిపే డ్రమ్ములో పిల్లదోమలు గిలగిల్లాడుతున్నాయి. గ్లాసులో పట్టి భూతద్దం కింద పెట్టాను. రంగులు వేసే కుర్రాడు పక్కనే చతికిలబడ్డాడు.

"సార్, గీటికి గూడ ఒంటికొస్తదా?"

"వస్తది బిడ్డా. మనకన్నా ఎక్కువ వస్తది."

వాటి కష్టమేమిటో అతనికి చెప్పాను. వాననీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, పురుగు రక్తంలో ఉంటుంది. కాబట్టి నీళ్లు ఎప్పుడూ లోపలికి చొరబడుతూ ఉంటాయి, ఉప్పు బయటికి జారిపోతూ ఉంటుంది. వచ్చిపడే నీటిని పల్చటి మూత్రంగా తోడి పోస్తూనే ఉండాలి, పోయిన ఉప్పును ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. తోక చివర నాలుగు గాజు రెక్కల్లాంటివి కనిపిస్తాయి చూడు, అవే నీళ్లలోంచి ఉప్పు ఏరి తెచ్చేవి. ఉప్పు బొత్తిగా లేని నీళ్లలో పెంచితే అవి పెద్దవిగా పెరుగుతాయి, ఉప్పు ఉన్నచోట చిన్నవిగా ఉండిపోతాయి. కుర్రాడు చాలాసేపు అద్దంలోంచి కన్ను తియ్యలేదు. ఆ తర్వాత డ్రమ్మును తనే వంచి రోడ్డు వార మట్టిలో పారబోశాడు.

సెప్టెంబర్ 16

బాత్రూమ్ జాలీలోంచి బొద్దింక. ఇది యూరిక్ ఆమ్లాన్ని పారేయదు, ఒంట్లోని కొవ్వులోనే దాచుకుంటుంది. అక్కడే కాపురముండే బాక్టీరియా ఆ సరుకులోంచి మళ్లీ మాంసకృత్తులకు పనికొచ్చే ముక్కలు తయారుచేసి ఇస్తుంది. తిండి కరువైనప్పుడు ఇదే దాని గాదె.

అక్టోబర్ 19

పురానాపూల్ కింద మూసీ ఒడ్డు. 1578 నాటి వంతెన, కింద నల్లబురద. బురద మీద పసుపు సీతాకోకచిలుకల గుంపు, తొండాలు దించి జుర్రుతున్నాయి. వీటిలో ఎక్కువ మగవే ఉంటాయి. ఆకులు తిని పెరిగిన పురుగుకి సోడియం ఎప్పుడూ కరువే. అందుకే మగవి బురదలోంచి, మూత్రం ఇంకిన నేలలోంచి దాన్ని వెతుక్కుంటాయి. నీళ్లు ఇటు పీలుస్తూ అటు వెనకనుంచి చిమ్మేస్తూ, ఉప్పు మాత్రం ఉంచుకుంటాయి. కొన్ని జాతుల్లో జతకట్టేటప్పుడు అదే ఆడదానికి ఇచ్చే కానుక. అది గుడ్లలోకి చేరుతుంది.

డిసెంబర్ 7

మేడ మీద చిక్కుడు పాదుకి పేనుబంక పట్టింది. కింద ఆకులు జిగటగా మెరుస్తున్నాయి, చీమలు బారులు తీరాయి. మొక్క రసంలో పంచదార ఎంత చిక్కనంటే, తాగిన పురుగు ఒంట్లోని నీటినే అది కడుపులోకి లాగేయగలదు. దానికి విరుగుడుగా పేనుబంక కడుపులోనే చిన్న చక్కెరలను గొలుసుగా కలిపి పెద్దవిగా మారుస్తుంది, లాగే బలం తగ్గిపోతుంది. మిగిలిన తీపిని వెనకనుంచి వదిలేస్తుంది. దీనికి మాల్పీగీ నాళాలే లేవు. మామిడి తోటల్లో తేనెమంచు పురుగు చేసేదీ ఇలాంటి పనే. ఆ తీపి మీద మసి తెగులు పెరిగి ఆకులు నల్లబడతాయి.

డిసెంబర్ 28

పతంగుల సీజన్. పక్కింటి చాచా మైదా బంక ఉడికించి అందులో కాస్త మైలుతుత్తం కలుపుతున్నాడు. కాగితాల కట్టల్లో వెండిపురుగులు చేరి బంక తినేస్తాయని ఆయన బాధ. వీటి దగ్గరి చుట్టం ఒకటుంది, పొయ్యిల పక్కన వెచ్చటి చోట్ల బతికేది. అది నోటితో నీళ్లు తాగకపోయినా గాలిలో తేమ 45 శాతం దాటితే చాలు, మలద్వారం దగ్గరి సంచులతో ఆవిరినే పట్టి ఒంట్లోకి తీసుకుంటుంది. ఇంతకన్నా గొప్ప పొదుపు నేనెక్కడా వినలేదు.

2026 జనవరి 11

మేడలన్నిటి మీదా పతంగులు. కార్ఖానాల ముందు డ్రమ్ములు బోర్లా ఎండుతున్నాయి. ఎండిపోయాయి కదా అని ఊరుకోకండి. ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచున డ్రమ్ము గోడకి. గుడ్డు పెట్టిన రోజు తిరిగేలోపే దాని లోపల ఓ పొర ఏర్పడి తడిని బంధిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండిపోయి ఉన్నా చావవు, తొలకరికి నీళ్లు తగిలితే పొదుగుతాయి. కనక ధూల్‌పేట్‌లో ఉన్నవాళ్లకైనా, ఇది చదివే మరెవరికైనా నా మనవి ఒకటే. డ్రమ్ములూ కూలర్లూ తొట్లూ వంచి వదిలేయకండి, లోపలి గోడలను బ్రష్‌తో గట్టిగా రుద్ది కడగండి. వానలొచ్చేదాకా ఆగకుండా, ఇప్పుడే.