చెత్త నగరానిది, చెరువు ఊరిది

హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్‌లో గుట్టపడింది. అందులోంచి ఊరిన మురుగు పక్కనే ఉన్న మల్కారం చెరువును పాడుచేసింది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు డంపింగ్ యార్డుకూ చెరువుకూ మధ్య 200 మీటర్లు ఉండాలన్నాయి. కానీ వాన నీరు మీటర్లు చూడదు, వాలు చూస్తుంది. 'ఎక్కడో ఒకచోట వేయాలి కదా' అంటారు. నిజమే. నగరం నడుమ స్థలం లేదన్నదీ ఒప్పుకుందాం. ఆ 'ఎక్కడో' తరచూ పంచాయతీ పొలిమేరే ఎందుకవుతోంది? భూమి చవక, ఓట్లు తక్కువ (రెండో కారణం ఏ ఫైలులోనూ రాయరు). జనమే తర్వాత వచ్చి ఇళ్లు కట్టుకున్నారన్న వాదనా ఉంది. యార్డు చుట్టూ కట్టడాలు రాకుండా చూడాల్సింది అధికారులే కదా! మురుగు ఎక్కువగా ఊరేది తడి చెత్త నుంచి. దాన్ని ఏ వార్డుకా వార్డులో ఎరువు చేసి చూపించాకే కార్పొరేషన్ కొత్త స్థలం కోసం గ్రామసభ గడప తొక్కాలి.