తరుగు తీసిన లెక్క



కల్లంలో ఆరబోసిన మిర్చిని చూసి, యార్డులో ఇంత బరువు తూగుతుందని మనలో ఎవరమూ చెప్పం. తేమ పోవాలి, తాలు కాయలు ఏరాలి, ఆ తర్వాతే కాటా. పత్తీ అంతే. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత మొదలవుతుంది, 12 దాటితే కొనరు. తరుగు తీసి లెక్క చెప్పడం మన రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే పాత కారుకు ఇంజను తీసి మోటారు, బ్యాటరీ పెట్టేటప్పుడు మాత్రం ఈ తెలివిని పక్కన పెట్టేస్తున్నాం. "ఒక్క చార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగితే తరుగు లేని లెక్కే చెబుతున్నాం. దాని గురించే ఈ వారం నాలుగు మాటలు.

మన సంఘంలో ఒక సహోదరునికి కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. వాళ్ల ఇంటి నుండి 34 కిలోమీటర్లు, రానూ పోనూ 68. కారు బాడుగకే ఇంట్లో ఇద్దరి కూలి పోతోంది. పెద్దబ్బాయి ట్రాక్టర్ల వైరింగు పని చేస్తాడు. పాత మారుతి 800 ఒకటి తెచ్చి, దాన్ని కరెంటు బండిగా మార్పించే పనిలో పడ్డాడు. ఒకరోజు ప్రార్థన అయ్యాక నా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, వంద కిలోమీటర్లు ఖాయం. నాన్నను తీసుకెళ్లి తీసుకొచ్చినా ఇంకా 32 మిగులుద్ది" అన్నాడు. ఆ మాట నమ్మి తండ్రి బాడుగ కారతనికి వచ్చే నెల నుండి రావద్దని చెప్పేశాడట.

"ఆ వంద ఎక్కడి నుండి వచ్చింది నాయనా?" అని అడిగాను. కాగితం తీసి చూపించాడు. 3.2 వోల్టుల సెల్లులు 24 కలిపితే 76.8 వోల్టులు. ఒక్కోటి 100 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 7,680 వాట్ అవర్లు. కిలోమీటరుకు 75 వాట్ అవర్లు చాలని ఎక్కడో వీడియోలో విన్నాడు. భాగిస్తే 102. గుణకారంలో తప్పు లేదు. కాకపోతే అది కల్లంలో పచ్చికాయ లెక్క. ఇద్దరం కూర్చుని తరుగు తీయడం మొదలుపెట్టాం.

మొదటి తరుగు బ్యాటరీలోనే ఉంది. అడుగు దాకా తోడేస్తే సెల్లులు త్వరగా దెబ్బతింటాయి. ఐదో వంతు ఎప్పుడూ మిగిల్చి ఉంచాలి. అంటే లెక్కలోకి వచ్చేది 6,144 మాత్రమే.

రెండో తరుగు రోడ్డుది. వీడియోలో చెప్పిన 75 ఎవరి బండికి, ఏ రోడ్డు మీద, ఎంతమంది ఎక్కితే వచ్చిందో తెలియదు. మన బండి మీద మనమే కొలుచుకోవాలి. బ్యాటరీ నుండి వెళ్లే కరెంటును లెక్కపెట్టే మీటరు బిగించి, తెలిసిన దూరం వెళ్లి, అదే దారిలో తిరిగొస్తే చాలు. అలా చేస్తే ఎదురుగాలి, వాలు రెండువైపులా సర్దుకుంటాయి. నలుగురు కూర్చుని 50 వేగంలో వెళ్తే కిలోమీటరుకు 98 తేలింది. 70 వేగంలో 125. వేగం రెట్టింపైతే గాలి నెట్టే బలం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే మన ఊరి దారిలో బాగా నడిచిన బండి హైవే ఎక్కగానే బ్యాటరీని తాగేస్తుంది.

6,144ను 98తో భాగిస్తే 62 కిలోమీటర్లు. కావలసింది 68.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. "అడుగున ఐదో వంతు ఉంది కదయ్యగారూ, అది కూడా వాడితే 78 వస్తది" అన్నాడు. నిజమే, వస్తుంది. "మీ నాన్న సూది తీయించుకుని నీరసంగా వెనక సీట్లో పడుకుని ఉంటాడు. ఆలస్యమైందని నువ్వు 70లో తోలతావు. అప్పుడు అడుగుతో సహా తోడినా 61 దగ్గర బండి ఆగుద్ది. చీకట్లో, పత్తి చేల మధ్య" అన్నాను. అతను ఇంకేమీ అనలేదు.

మూడో తరుగు వయసుది. ఏళ్లు గడిచే కొద్దీ ఏ బ్యాటరీ అయినా తగ్గుతుంది. 100 పట్టేది 80కి దిగితే ఆ 62 కాస్తా 50 అవుతుంది. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు చలి భయం లేదు గానీ వేడి భయం ఉంది. వేడి ఈ సెల్లులను తొందరగా ముసలివాటిని చేస్తుంది. మధ్యాహ్నం తిరిగొచ్చిన బండిని నీడన పెట్టి, చల్లారాక చార్జింగు పెట్టడం మేలు.

ఇంకో సంగతి. ఈ సెల్లుల్లో ఉండేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1990లలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ గారి బృందం దీన్ని బ్యాటరీకి పనికొచ్చేలా చూపించింది. ఆ పనిలో మన దేశం నుండి వెళ్లిన పరిశోధకులూ ఉన్నారు. ఆయనకు 2019లో, 97 ఏళ్ల వయసులో, రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తన విశ్వాస జీవితం మీద ఒక పుస్తకం కూడా రాసిన మనిషి. ఈ సెల్లుకు మంచి గుణాలు చాలా ఉన్నాయి, భద్రత కూడా ఎక్కువే. కానీ దాని వోల్టు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. నిండుగా ఉన్నప్పుడూ, సగమైనప్పుడూ దాదాపు ఒకేలా చూపిస్తుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పెట్రోలు ముల్లులా దాన్ని నమ్మకూడదు. ఎన్ని ఆంపియర్ అవర్లు వెళ్లాయో లెక్కపెట్టే మీటరునే చూడాలి.

కొందరు ఖర్చు తగ్గుతుందని ఇన్వర్టర్ బ్యాటరీలు పెడదామంటున్నారు. వాటి మీద రాసిన 150 అన్న అంకె సాధారణంగా 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేది. కారు దాన్ని గంటలో లాగేస్తే సగానికి కాస్త పైన మాత్రమే దక్కుతుంది. పాయికెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే ఈ తరుగుకు సూత్రం రాశాడు. పైగా అలాంటివి ఆరు పెడితే 300 కిలోల దాకా బరువు. మనుషులు ఎక్కకముందే బండి నిండిపోయినట్టే.

మరి ఆ సహోదరుని సంగతి ఏమైంది? లెక్క 62 అని ఒప్పుకున్నాకే దారి కనబడింది. డయాలసిస్‌కు నాలుగు గంటలు పడుతుంది. ఆస్పత్రికి దగ్గర్లోనే అబ్బాయి మేనత్త ఇల్లు ఉంది. గుంటూరు చేరేసరికి 43 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. గంటకు 10 ఎక్కించే చార్జరు నాలుగు గంటల్లో 40 తిరిగి నింపుతుంది. తండ్రి మంచం మీద ఉన్నంతసేపూ బండి మేనత్త వాకిట్లో ప్లగ్గుకు ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు దాదాపు నిండు బ్యాటరీతో బయలుదేరతారు. సెల్లులు ముసలివై 80కి దిగినా ఈ ఏర్పాటు నడుస్తుంది. వంద అనే అంకెను పట్టుకుని ఉంటే మేనత్తను అడగాలన్న ఆలోచనే వచ్చేది కాదు. ఆమెకు కరెంటు బిల్లు డబ్బులు నెలనెలా ఇస్తున్నారు, ఆమె వద్దంటున్నా సరే. బాడుగ కారతనికి కూడా ఫోన్ చేసి, మొదటి రెండు నెలలు అవసరమైతే రమ్మని అడిగి పెట్టుకున్నారు.

ఈ పని తలపెట్టే యువకులకు ఒక హెచ్చరిక. ఆమోదం ఉన్న కిట్టు, దాన్ని బిగించే అర్హత ఉన్నవాళ్లు, ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మార్పు, బీమా, ఇవన్నీ అయ్యాకే బండి రోడ్డెక్కాలి. ఈ అబ్బాయి కూడా ఆ కాగితాలు చేతికొచ్చాకే బండిని రోడ్డు మీద పరీక్షించాడు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయే మనిషి ముందుగా కూర్చుని లెక్క వేసుకోవడం మనం ఎన్నోసార్లు ధ్యానించాం. అక్కడ ప్రభువు చెప్పేది శిష్యత్వం గురించి. అయినా ముందుగా కూర్చోవడం అన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. మన అంకెను నమ్మి ఇంకొకరు బాడుగ కారు మానుకుంటారు, ఇంకొకరు వెనక సీట్లో పడుకుంటారు. ఎక్కువ చెప్పి ధైర్యమివ్వడం ప్రేమ అనిపిస్తుంది గానీ, రోగితో ఉన్నవాళ్లకు కావలసింది ఇల్లు చేర్చే అంకె. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి బండి కడుతుంటే, అది ఎంత దూరం వెళ్తుందని అడగకండి. నలుగురు ఎక్కి, చీకటి పడి, బ్యాటరీ పాతబడ్డాక ఎంత దూరం వెళ్తుందో అడగండి.

ఆ సహోదరుని కోసం మంగళ, శుక్రవారాల్లో తప్పక ప్రార్థించండి. ఆ రోజుల్లోనే ప్రయాణం. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.