బహుళ దశమి నాటి సముద్రం

ప్రయాణం చేసివచ్చి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను ఇంకా చేయని ప్రయాణం గురించి రాస్తున్నాను. టిక్కెట్లు కొనక ముందే, సంచీ సర్దక ముందే ఒక యాత్ర సగం పూర్తయినట్లు అనిపించడం నాకిదే మొదటిసారి. ఆ సగం సంగతి మరచిపోకముందే రాసి ఉంచాలనిపించింది.

మా అమ్మాయికి పదహారేళ్ళు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం నా ఎదుట కూర్చుని, "నాన్నా, ఈసారి కొండలు వద్దు. అండమాన్ వెళ్దాం. అక్కడ రాత్రిపూట కయాక్ ఎక్కి మడ అడవుల్లోకి వెళితే, తెడ్డు వేసిన చోటల్లా నీళ్ళు నీలంగా వెలుగుతాయట" అన్నది. నేను అప్రయత్నంగా వంటింటి వైపు చూశాను. అమ్మ అక్కడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. వినలేదనే అనుకున్నాను.

అమ్మది దివిసీమ. నాగాయలంక అవతల ఒక చిన్న ఊరు. 1977 నవంబరు 19, శనివారం నాడు వచ్చిన ఉప్పెనలో సముద్రం సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి ఆ సీమ మీద పడింది. పోయినవారు దాదాపు పదివేలమంది అని అధికారుల లెక్క. ఆ లెక్కను నమ్మినవారిని అమ్మ తరపు బంధువులలో నేనింతవరకు చూడలేదు. అప్పటికి అమ్మకు పదిహేడేళ్ళు. ఆమె చెల్లెలికి తొమ్మిది. చెల్లెలి చెయ్యి అమ్మ చేతిలో నుంచి జారిపోయింది. ఇంతకు మించి ఆ రాత్రి గురించి నాకేమీ తెలియదు. అడగకూడదని చిన్నతనంలోనే ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో కూడా గుర్తు లేదు.

మచిలీపట్నం వెళ్ళినప్పుడల్లా అందరూ మంగినపూడికి బయలుదేరితే అమ్మ బంధువుల ఇంట్లోనే ఉండిపోయేది. నన్ను చెరువులో దిగనివ్వలేదు, కాలువలో దిగనివ్వలేదు. ముప్పయి ఎనిమిదో ఏట, మా అపార్ట్‌మెంటు ఈతకొలనులో, నడుము లోతు నీటిలో చిన్నపిల్లల పక్కన నిలబడి ఈత నేర్చుకున్నాను. అదీ అమ్మకు చెప్పకుండా.

అటువంటి ఇంట్లో కయాక్ ప్రయాణపు ఆలోచన మొదలైంది. కాదనడానికి నాకు కారణాలు కావాలి. అందుకే మొదట దాని గురించి చదవడం మొదలుపెట్టాను. వద్దనడానికి చదివినది ఒప్పుకోవడానికి పనికివస్తుందని అప్పుడు తెలియదు.

కయాక్ పుట్టింది మంచు సముద్రాలలో. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ జాతివారు చెక్కతోనో ఎముకతోనో చట్రం కట్టి, దానిమీద సీల్ చర్మం బిగించి చేసుకున్న వేటపడవ అది. మనిషి నడుము దాకా అందులో ఇమిడిపోతాడు. రెండు వైపులా ఆకులున్న తెడ్డు అతని చేతిలో ఉంటుంది. ఆ చలినీటిలో పడవ తిరగబడితే బయటికి రాకుండానే దానిని మళ్ళీ నిలబెట్టే విద్య వారిది. ఉష్ణమండలానికి వచ్చేసరికి దాని రూపం మారింది. ఇక్కడ కొత్తవారికి ఇచ్చేవి చాలావరకు ప్లాస్టిక్‌తో పోతపోసినవి, పైన కూర్చునేవి. వెడల్పు ఎక్కువ కనుక తొందరగా ఒరగవు. లోపలికి వచ్చిన నీరు అడుగున ఉన్న రంధ్రాల గుండా తిరిగి పోతుంది. ఒరిగితే మనం నీళ్ళలో పడతాం, పడవ పైకే తేలుతుంది. అయితే గాలికి మాత్రం అవి సులువుగా లొంగిపోతాయి.

ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఋతువు సంగతి సులువుగానే తేలింది. అండమాన్‌కు రెండు వర్షకాలాలు. మే నుంచి నైఋతి పవనాలు, అవి పోయాక ఈశాన్య పవనాలు. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికే కాదు, ఆ తీరానికీ తుఫానుల కాలమే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కొంత నెమ్మదిస్తుంది. సంక్రాంతి దాటాక వెళ్ళడం మేలని నిశ్చయించుకున్నాను. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడిదాకా విమానం, అక్కడి నుంచి రెండు గంటల పడవ ప్రయాణం. 2018 చివరిదాకా హావ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీపం మా గమ్యం.

ఇంకొక సంగతి చూసుకోకపోతే చిక్కే. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. అది మన కాకినాడకు చేరువగా పోయే గీత. అండమాన్ దానికి పదిడిగ్రీలకు పైగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం అదే. అందువల్ల అక్కడ జనవరిలో సాయంత్రం ఐదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. భోజనం చేసి ఒక కునుకు తీసి సముద్రానికి బయలుదేరదామనుకునే మనబోటివాళ్ళకు అక్కడ పగలు మిగలదు.

తరువాతది గైడును వెతకడం. సముద్రం తెలియనివాడు సొంతంగా కయాక్ అద్దెకు తీసుకుని పోవడం తెలివితక్కువ అని చదివిన ప్రతిచోటా ఉంది. మొదట ఫోను చేసినచోట ఒకాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. గాలి గురించి అడిగితే "ఏం భయం లేదు సార్" అన్నాడు. మొసళ్ళ గురించి అడిగితే "ఏం భయం లేదు సార్" అన్నాడు. పడవ తిరగబడితే అన్నా అదే మాట. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో హావ్‌లాక్ తీరంలోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి వాతబడి మరణించారు. ఇది రహస్యమేమీ కాదు. అన్నిటికీ ఒకే జవాబు చెప్పేవాని వెంట మా అమ్మాయిని పంపలేను. వందనం చెప్పి ఫోను పెట్టేశాను.

రెండవసారి దొరికిన గైడు నన్నే ప్రశ్నించడం మొదలుపెట్టాడు. ఈత వచ్చా, భుజానికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఎవరి బరువెంత, చీకటిలో ఉక్కిరిబిక్కిరి అయ్యేవారెవరైనా ఉన్నారా. బరువు ఎందుకంటే లైఫ్ జాకెట్ కొలత కోసమట. ఇద్దరు ఎక్కే పడవలో ముందున్నవారు తెడ్డు వేసే లయ పట్టుకోవాలి, వెనుకనున్నవారు దానిని అనుసరిస్తూ దిశ చూసుకోవాలి అని చెప్పాడు. అంటే మా అమ్మాయి ముందు, నేను వెనుక. నడకలోనే ఆమె వేగం అందుకోలేకపోతున్న నాకు ఇది మంచి పరీక్షే. తెడ్డు వేయవలసింది చేతులతో కాదు, నడుము పై భాగమంతా తిప్పుతూ వేయాలని, లేకపోతే అరగంటలో భుజాలు పడిపోతాయని కూడా చెప్పాడు. ఊళ్ళోని ఒక చెరువులో నాలుగు ఆదివారాలు సాధన చేశాం. కావాలని పడవను తిరగేసి, నీళ్ళలో పడి, కడుపు మీద పాకుతూ మళ్ళీ ఎక్కడం నేర్చుకున్నాం. అమ్మాయికి రెండోసారికే వచ్చింది. నాకు పదకొండోసారికి.

మాటల మధ్యలో అతడు తెలుగులోకి దిగాడు. తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడినవారట. అండమాన్‌లో తెలుగువారు చాలామందే ఉన్నారు. ఆ వలసల కథ ఇంకొక టపాకు సరిపోతుంది.

ఇక మిగిలింది తేదీ. నీళ్ళలో కనిపించే ఆ వెలుగు కంటికి ఆనని జలజీవులది. నీరు కదిలితే అవి క్షణకాలం నీలంగా మెరుస్తాయి. వెన్నెల ఉంటే ఆ మెరుపు తేలిపోతుంది. కనుక అమావాస్య మంచిదని చదివాను. క్యాలెండరులో అమావాస్య మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మిగిలిన సంగతులన్నీ ఒక కాగితం మీద రాసుకుని బల్ల మీద వదిలేసి ఆఫీసుకు పోయాను.

తిరిగి వచ్చేసరికి ఆ కాగితం అమ్మ చేతిలో ఉంది.

ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "అమాస నాడు పెట్టావేంట్రా?" అన్నది.

చీకటి కోసమని చెప్పాను.

"అమాసకీ పున్నానికీ పోటు లావుగా ఉంటది. అంత నీరూ మళ్ళీ పాటుకి తీసేయాలి గదా? మడ కాలవలోంచి తీసేటప్పుడు పడవ నిలవదు. నీళ్ళు పోయాయంటే బురదలో కూర్చుంటారు."

నేను పుస్తకాలలో చదివినది కూడా ఇదే. సూర్యచంద్రుల ఆకర్షణ ఒక వరుసలోకి వచ్చే అమావాస్య, పున్నములకు పోటుపాటుల తేడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. ఇరుకు కాలువలో ఆ తేడాయే ప్రవాహమవుతుంది. చదివాను కానీ, వెలుగు మోజులో దానిని పక్కన పెట్టాను. అమ్మ మాత్రం నలభై ఏళ్ళకు పైగా సముద్రం ముఖం చూడకపోయినా మరచిపోలేదు.

అమ్మ లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరకు వెళ్ళింది. పుష్యమాసం పుట తిప్పింది. వేలితో గళ్ళు లెక్కపెట్టింది. "బహుళ దశమి నాడు వెళ్ళండి. చంద్రుడు అర్ధరాత్రి దాటాకగానీ రాడు. చీకటికి చీకటీ ఉంటది, పోటూ అంత లావుండదు."

అంత సులువైన లెక్క నాకు తట్టలేదు. శుక్ల పక్షంలో సాయంత్రమే చంద్రుడు ఉంటాడు. కృష్ణ పక్షంలో అష్టమి దాటితే సాయంత్రాలు చీకటిగానే ఉంటాయి. అమావాస్య దాకా ఆగనవసరం లేదు.

తరువాత అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, అన్నది.

"ఆ శనివారం కార్తీకంలో అప్పుడే అష్టమి దాటింది. అమాసా కాదు, పున్నమా కాదు. పోటు తక్కువుండాల్సిన రోజు. అది చంద్రుణ్ణి చూసి వచ్చింది కాదు, గాలితో వచ్చింది. నువ్వు గాలి సంగతి అడిగావా?"

ఆ రాత్రి గురించి అమ్మ నాతో పలికిన మొదటి మాటలు అవి. ఆమె అడిగినది పోటుపాటుల పట్టికలో దొరికే ప్రశ్న కాదు. నేను గైడుకు ఫోను కలిపి అమ్మకు ఇచ్చాను.

"బాబూ, మీరు ఎప్పుడెళ్తారో మావాడు రాసుకున్నాడు. ఎప్పుడెళ్ళరో చెప్పండి" అన్నది అమ్మ.

అటువైపు కొంతసేపు నిశ్శబ్దం. తరువాత అతడు చెప్పినవి నాకూ వినబడ్డాయి. కాలువ మొగలో తెల్లనురగలు కనబడితే పడవ దించడు. వాతావరణశాఖ హెచ్చరిక ఉంటే దించడు. ఉరుము వినబడితే వెనక్కి తిప్పుతాడు. ఆ కాలువలో మొసలి జాడ కనబడిందని పల్లెవాళ్ళలో ఎవరైనా చెబితే ఆ వైపే పోడు. పడవలో ఉన్నంతసేపూ ఎవరూ చేతులు, కాళ్ళు నీళ్ళలో పెట్టకూడదు. డబ్బు తిరిగి ఇచ్చేస్తాడు, తిట్టేవాళ్ళు తిట్టుకుంటారు. బహుళ దశమి సాయంత్రం కాలువలో నీరు తమకు చాలినంత ఉంటుందని పట్టిక చూసి చెప్పాడు. "మరుసటి రోజు కూడా ఖాళీగా పెట్టుకోమనండమ్మా. ఒక్కరోజే చేతిలో ఉంటే, వద్దన్నా మనుషులు వినరు" అన్నాడు.

అమ్మ ఫోను నా చేతికిచ్చి, "మాకు ఆనాడు చెప్పినవాళ్ళు లేరు" అన్నది. ఆ మాటలో కోపం లేదు. లెక్క సరిచూసి చెప్పినట్లు ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి ఉండబట్టలేక, నీళ్ళు నీలంగా ఎలా వెలుగుతాయో నానమ్మకు వివరించబోయింది. అమ్మ మజ్జిగ పోసుకుంటూ విన్నది. విని, "తెలుసులేవే" అన్నది. పరవ కాలువ దగ్గర చీకటి రాత్రుల్లో తానూ చెల్లెలూ ఒడ్డున కూర్చుని కాళ్ళతో నీళ్ళు కొట్టేవారట. కొట్టిన చోటల్లా మిణుగురులు పుట్టేవట. "అది నాకంటే గట్టిగా కొట్టేది. ఒళ్ళంతా తడుపుకుని తిట్లు తినేది" అన్నది. నవ్వింది కూడా. ఆ పిన్ని నవ్వించే మనిషి అని నాకు నలభై రెండేళ్ళు వచ్చాక తెలిసింది. అంతవరకు ఆమె నాకు జారిపోయిన ఒక చెయ్యి మాత్రమే.

మా అమ్మాయి మెల్లగా, "నువ్వూ రా నానమ్మా. పడవ ఎక్కొద్దు. ఒడ్డున కూర్చో" అన్నది. అమ్మ రానన్నది. బలవంతపెట్టలేదు. కాసేపటికి, "చేతులు బయట పెట్టొద్దన్నాడుగా, తెడ్డుతోనే చూడండి" అని మాత్రం అన్నది.

ఇప్పుడు ఆ కాగితం గోడ మీద క్యాలెండరు పక్కన ఉంది. పొడుగు చేతుల చొక్కాలు, అంచున్న టోపీలు, నీరు చొరని సంచీ, ఓఆర్ఎస్ పొట్లాలు, పగడపు దిబ్బలు కోయకుండా రబ్బరు చెప్పులు అని నా దస్తూరీ. తీరాన దొరికిన పగడాలు తెచ్చుకోవడం నేరమని అమ్మాయి దస్తూరీ. వాటి కింద అమ్మ రాసినది ఒకే మాట: గాలి.

క్యాలెండరులో బహుళ దశమి చుట్టూ సున్నా చుట్టి ఉంది. దాని పక్కన ఏకాదశి గడిని అమ్మే ఖాళీగా ఉంచమన్నది. గాలి లేస్తే ఒడ్డున కూర్చోవడానికి.

ప్రయాణం జరిగితే ఇక్కడే రాస్తాను. గాలి లేచి జరగకపోయినా రాస్తాను.