నాలుగు తోరణాలు

చిన్ననాడు వేసవి రాత్రులలో మా అమ్మమ్మ మమ్మల్ని డాబామీద పడుకోబెట్టుకొని పొడుపు కథలు వేసేది. విప్పలేక మేము ఎంత బతిమాలినా జవాబు చెప్పేది కాదు. “జవాబు ప్రశ్నలోనే ఉన్నది, మళ్ళొక్కసారి వినుండ్రి” అనేది. ఆ మాటలోని లోతు ఎన్నో ఏళ్ళ తరువాత, ఒక కంప్యూటర్ ఆటను తయారు చేస్తున్నప్పుడు గాని నాకు బోధపడలేదు.

పగలు హనుమకొండలోని ఒక చిన్న కార్యాలయంలో ఉద్యోగం; రాత్రి పది దాటిన తరువాత నా ఆట. అందులో గోడలు కట్టే మేస్త్రీని, వెలుగునీడలు అమర్చే చిత్రకారుడిని, ప్రోగ్రాములు రాసేవాడిని అన్నీ నేనే. అది ఉత్తమ పురుష దృష్టితో సాగే చిక్కుముడుల ఆట. అంటే తెరమీద కథానాయకుడు కనిపించడు. ఆడేవారి కన్నే కథానాయకుని కన్ను. వారే నడుస్తారు, తల తిప్పి నలుదిక్కులా చూస్తారు, ఆలోచించి దారి కనిపెడతారు. 1993లో అమెరికాకు చెందిన మిల్లర్ సోదరులు రూపొందించిన ‘మిస్ట్’ ఇటువంటి ఆటలకు ఎంతో పేరు తెచ్చింది. 2007లో వచ్చిన ‘పోర్టల్’ కొందరు విద్యార్థులు కళాశాలలో చేసిన ఒక చిన్న ఆట నుండి పెరిగినదే. ఆ సంగతి నాకు ధైర్యాన్నిచ్చింది. అందుకే మొదట నమూనా ఒకటి చేయాలనుకున్నాను. నమూనాకు అందచందాలు ఉండవు. బూడిదరంగు దిమ్మెలతో గోడలు నిలబెట్టి, చిక్కుముడి పనికివస్తుందా లేదా అని మాత్రమే పరీక్షిస్తారు.

ఆ చిక్కుముడిని నాకు వరంగల్ కోట ఇచ్చింది. మట్టికోటను దాటి రాతికోట ద్వారంలో అడుగుపెట్టినవారు సూటిగా లోపలికి పోలేరు, మలుపు తిరగవలసిందే. శత్రువును తడబరచడానికి కాకతీయులు రాతితో వేసిన పొడుపు కథ అది! లోపల, ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉన్న ఆవరణకు నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. నాలుగింటిదీ ఒకే పోలిక. నా ఆటలోనూ ఆడేవారు అటువంటి నాలుగు తోరణాల నడుమ నిలబడతారు. సూర్యుడు కదిలిన కొద్దీ నీడలు కదులుతాయి. ఏ తోరణపు నీడ నడిమి రాతిపలకను తాకుతుందో, ఆ తోరణం గుండా నడిస్తేనే ముందుకు దారి.

ఎనిమిది నెలల శ్రమ తరువాత, ఇంటర్మీడియట్ చదువుతున్న మా పిన్ని కొడుకును పిలిచి ఆడమన్నాను. వాడు నలభై నిమిషాలు తోరణాల చుట్టూ తిరిగాడు. ఒక్కసారైనా నేలవైపు చూడలేదు. ఉండబట్టలేక “నీడను చూడరా” అన్నాను. మరుక్షణమే దారి దొరికింది. కాని వాడి ముఖంలో సంతోషం లేదు. “అన్నా, నువ్వు చేసినవు గాబట్టి నీకు ఎరుక. నాకెట్ల తెలుస్తది?” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆట మొత్తం తీసివేయాలన్నంత నిరాశ కలిగింది. జవాబు తెలిసిన కళ్ళతో చూశాను కనుక, నా ప్రశ్నలో జవాబు లేదన్న సంగతి నాకు కనిపించలేదు. నీడకు ఈ లోకంలో విలువ ఉన్నదని ఆడేవారికి నేను ఎక్కడా తెలియజేయలేదు.

మరునాటి నుండి మళ్ళీ మొదలుపెట్టాను. ముందుగా ఒక చిన్న గది, అందులో ఒకే తోరణం, ఒకే నీడ. నీడ రాతిపలకను తాకగానే తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. తరువాతి గదిలో రెండు తోరణాలు. ఆ పైననే నాలుగు. ఎక్కడా ఒక్క అక్షరమైనా రాయలేదు.

అయితే దీనిని పరీక్షించేదెవరు? తమ్ముడికి జవాబు తెలిసిపోయింది. ఏ మనిషైనా ఒక చిక్కుముడికి ఒక్కసారే కొత్తవాడు. చివరకు, ఏనాడూ కంప్యూటర్ ముట్టని మా అమ్మను కూర్చోబెట్టాను. మీటలు ఎలా నొక్కాలో నేర్పి, వెనుక నోరు మెదపకుండా నిలబడ్డాను. అమ్మ తడబడింది, గోడలకు తగిలింది, వెనుకకు వచ్చింది. నాలుగు తోరణాల నడుమ చాలాసేపు ఆగింది. సాయం చేయాలని నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగుకున్నాను. ఇంతలో అమ్మ నేలవైపు చూసి, నెమ్మదిగా పడమటి తోరణం వైపు కదిలింది. దారి తెరుచుకుంది.

“ఎట్ల తెలిసిందమ్మా?” అన్నాను.

“ముందటి అర్రలల్ల నీడ తాకితేనే గద తలుపు తెరుచుకున్నది! ఏటేటా డాబామీద మిరపకాయలు ఎండబోసేదాన్ని, నీడ ఎటు జరుగుతదో నాకు ఎరుకలేదా?” అని నవ్వింది.

ఆ నవ్వును నేను ఇచ్చినది కాదు, ఆమె సంపాదించుకున్నది. నా ఆట ఇంకా బూడిదరంగు దిమ్మెలతోనే ఉంది. చేయవలసినది కొండంత మిగిలింది. కాని అమ్మమ్మ జవాబును ఎందుకు దాచేదో ఇప్పుడు తెలుసు. జవాబు చెప్పడం తేలిక. ఎదుటివారు తమంతట తాము అక్కడికి చేరేలా దారి వేసి, తాను మౌనంగా పక్కకు తప్పుకోవడమే కష్టం.